రోస్టర్‌లో 200 ఎక్కడి నుంచి వచ్చింది? వాస్తవ సంఖ్యలు, మొదటి బీజగణితం, మన వాటా

(భోపాల్‌పట్నంలో పన్నెండో తరగతి, డిగ్రీ మొదటి సంవత్సరం విద్యార్థుల ముందు చేసిన ప్రసంగ పాఠం)





నన్ను పిలిచినవాళ్లు అంబేడ్కర్ ఆలోచన గురించి మాట్లాడమన్నారు. లెక్కల గురించి మాట్లాడతానన్నాను. వాళ్లు కాస్త నిరాశ పడ్డట్టున్నారు. మీలో కొందరి ముఖాల్లో కూడా అదే కనిపిస్తోంది. పర్వాలేదు. ఈ గంటసేపట్లో నేను చెప్పబోయేవి భిన్నాలు, దశాంశాలు, ఋణ సంఖ్యలు, వర్గమూలాలు, ఒకటి రెండు సమీకరణాలు. అంటే తొమ్మిదో తరగతి దాకా మీ పుస్తకాల్లో ఉన్నవే. అవి మనకు ఎందుకు రాలేదో, రాకపోతే ఏం పోతుందో కూడా చెబుతాను.

మొదట ఒక నల్లబల్ల సంగతి. ధనంజయ్ కీర్ రాసిన బాబాసాహెబ్ జీవితచరిత్రలో ఇది ఉంది. బొంబాయి ఎల్ఫిన్‌స్టన్ హైస్కూల్లో ఒకరోజు మాస్టారు భీమ్‌రావును లేపి, బల్ల దగ్గరికి వచ్చి లెక్క చెయ్యమన్నాడు. తరగతిలో ఒక్కసారిగా గోల లేచింది. సవర్ణ పిల్లలు తమ టిఫిన్ డబ్బాలు ఆ బల్ల వెనకాల పెట్టుకునేవారు. ఈ పిల్లవాడు బల్ల ముట్టుకుంటే అన్నం మైలపడుతుందని పరుగెత్తుకెళ్లి డబ్బాలు లాగేసుకున్నారు. ఆ తర్వాతే అతని చెయ్యి బల్లను తాకింది.

అదే దేశంలో, క్రీ.శ. 628లో, బ్రహ్మగుప్తుడు సున్నకూ ఋణ సంఖ్యలకూ నియమాలు రాశాడు. అప్పును ఋణమనీ, ఆస్తిని ధనమనీ పిలిచాడు. ప్రపంచం ఆ నియమాలను మెచ్చుకుంటుంది. మనమూ గర్వపడమంటారు. పడదాం. కానీ సున్న పుట్టిన దేశంలో ఎంతమందికి బల్ల దగ్గరికి వెళ్లే హక్కు ఉండింది అని కూడా అడుగుదాం. ఈ దేశానికి లెక్కలు ఎప్పుడూ తక్కువ కాలేదు. ఆ లెక్కలు ఎవరి చేతికి అందాయన్నదే మన ప్రశ్న. పల్లెలో శిస్తు లెక్క కరణం దగ్గర, వడ్డీ లెక్క షావుకారు దగ్గర, భూమి కొలత పట్వారీ దగ్గర ఉండేవి. వేలిముద్ర మాత్రం మనది.

అందుకే మహాత్మా ఫూలే 1882లో హంటర్ కమిషన్ ముందు వాంగ్మూలం ఇస్తూ, ప్రాథమిక బడిలో చదవడం, రాయడంతో పాటు జమాఖర్చుల లెక్క నేర్పాలని అడిగాడు. శూద్ర, అతిశూద్ర పిల్లలకు ఏం కావాలో ఆయనకు స్పష్టంగా తెలుసు.

వెనకబడ్డవాళ్లు కాదు, మొదలుపెడుతున్నవాళ్లు

ఈ జిల్లా సంగతి మీకు నేను చెప్పనక్కర్లేదు. 2011 జనగణన ప్రకారం బీజాపూర్ జిల్లా అక్షరాస్యత 41 శాతం లోపే. 2005 తర్వాతి అలజడిలో పల్లెల్లో బళ్లు మూతపడ్డాయి, కొన్నిచోట్ల భవనాలే లేకుండా పోయాయి. తర్వాత వెదురుతో కట్టిన పోటా కేబిన్లలో పిల్లల్ని చేర్చారు. మీలో కొందరు అక్కడే చదివి ఉంటారు. నడుమ రెండేళ్లు బడి పోతే, పోయినవి ఏ రెండేళ్ల పాఠాలు? చాలామందికి అవి సరిగ్గా భిన్నాలు, ఋణ సంఖ్యలు చెప్పే ఏళ్లు. తర్వాత పదో తరగతి దాటించారు, పన్నెండులో కూర్చోబెట్టారు. ఇప్పుడు ‘మీకు పునాది లేదు’ అంటున్నారు. పునాది వెయ్యనిది ఎవరు అన్న ప్రశ్న మాత్రం ఎవరూ వెయ్యరు.

నా సంగతీ అంతే. నేను గోదావరికి అవతలి ఒడ్డువాణ్ణి. ఏడో తరగతిలో భిన్నాల కూడిక తప్పు చేస్తే మా మాస్టారు ఒకాయన ‘మీకెందుకురా లెక్కలు’ అన్నాడు. ఆ ‘మీకు’లో ఎవరెవరున్నారో తరగతిలో అందరికీ తెలుసు. మూడేళ్లు నేను లెక్కల పుస్తకం తెరవలేదు. తెరిచిన రోజు ఏడో తరగతి పుస్తకంతోనే మొదలుపెట్టాను. అప్పుడు నా వయసు పదిహేడు. సిగ్గు వేసింది. నాలుగు రోజులకు పోయింది.

ఆ రోజు నేను చేసిన తప్పు ఇది: అర కలిపి మూడోవంతు, అంటే 1/2 + 1/3. పైవి పైవి కూడాను, కిందివి కిందివి కూడాను. 2/5 వచ్చింది. మీలో ఎంతమంది ఇలా చేస్తారు? చేతులు ఎత్తండి, నేనూ ఎత్తుతున్నాను. ఇప్పుడు చూడండి. 1/2 అంటే 0.5. 2/5 అంటే 0.4. అర బస్తా బియ్యంలో ఇంకో మూడోవంతు బస్తా పోస్తే బియ్యం తగ్గిందా? ఎక్కడా తగ్గదు. మీ అమ్మకు బడి లేకపోయినా ఈ జవాబు తప్పని ఆమె చెప్పగలదు. నియమం మరిచిపోయినా ఫరవాలేదు, జవాబు కొలతకు సరిపోతుందా అని అడిగే అలవాటు పోగొట్టుకోవద్దు.

సరైన పద్ధతి ఏమిటి? అర ముక్క, మూడోవంతు ముక్క వేర్వేరు సైజులు. రెండింటినీ ఒకే సైజు ముక్కలుగా కోయాలి. 2కీ 3కీ కనిష్ఠ సామాన్య గుణిజం, అంటే క.సా.గు., 6. అర అంటే ఆరులో మూడు, మూడోవంతు అంటే ఆరులో రెండు. మొత్తం 5/6. ఈ క.సా.గు.ను గుర్తుపెట్టుకోండి. చివర్లో అది మనల్ని యూనివర్సిటీ దాకా తీసుకెళ్తుంది.

రెండు భాషల మధ్య ఒక ‘అ’

మీ ఇళ్లలో తెలుగు, దోర్లీ, గోండీ, హల్బీ. బడిలో హిందీ. పై చదువుకు వరంగల్, హైదరాబాద్ వెళ్తే తెలుగు, ఇంగ్లీషు. లెక్క ఒకటే గానీ దాని పేర్లు మారిపోతుంటాయి. ఎక్కడ తడబడతామో ముందే తెలిస్తే మంచిది.

రెండు పూర్ణాంకాల నిష్పత్తిగా రాయగలిగిన సంఖ్యను, ఉదాహరణకు 1/2, 5, 0.75 లాంటివాటిని, మీ హిందీ పుస్తకం ‘పరిమేయ’ అంటుంది. కొలవదగినది అని అర్థం. అలా రాయలేనిది ‘అపరిమేయ’. గోదావరి దాటితే తెలుగు పుస్తకంలో మొదటి రకం పేరు ‘అకరణీయ’, రెండో రకం పేరు ‘కరణీయ’. కరణి అంటే పాత శాస్త్రంలో తెగని వర్గమూలం. చూశారా? హిందీలో ‘అ’ చేరితే నిష్పత్తికి లొంగని సంఖ్య. తెలుగులో ‘అ’ చేరితే నిష్పత్తికి లొంగే సంఖ్య. ఇక్కడ చదివి అక్కడికి వెళ్లిన పిల్లవాడు మొదటి వారమే తారుమారు చేస్తాడు. మాస్టారు ‘ఇంత కూడా తెలీదా’ అంటాడు. పిల్లవాడికి లెక్క తెలుసు. తెలియనిది ఒక ‘అ’ మాత్రమే.

ఇంకొకటి. తెలుగులో డెబ్బై తొమ్మిది అంటే డెబ్బై మీద తొమ్మిది. స్థాన విలువ మాటలోనే ఉంది. హిందీలో 79 ‘ఉన్నాసీ’, 89 ‘నవాసీ’. నూరు దాకా దాదాపు ప్రతి మాటా విడిగా బట్టీ పట్టాలి. ఆరేళ్ల పిల్ల అక్కడ ఆగితే అది తెలివి తక్కువై కాదు. ముందు ఇంటి భాషలో లెక్కించనివ్వండి, తర్వాత బడి భాషలోకి మార్చండి. ఇది ఇక్కడి ఉపాధ్యాయులకు నా మనవి.

హిందీ నుంచి మనం తీసుకోవాల్సినవీ ఉన్నాయి. ‘పౌనే దో’ అంటే రెండుకు పావు తక్కువ, అంటే 2 − 1/4. ‘సవా దో’ అంటే 2 + 1/4. సంతలో రోజూ ఈ మాటలు వాడే మనిషికి భిన్నాల తీసివేత రాదని ఎలా అంటాం?

రోడ్డు మీద సంఖ్యారేఖ

ఇప్పుడు ఋణ సంఖ్యలు. హైదరాబాద్ నుంచి వరంగల్, ములుగు మీదుగా గోదావరి దాటి ఈ ఊరికి వచ్చే 163వ జాతీయ రహదారి మీకు తెలిసిందే. భోపాల్‌పట్నాన్ని సున్న అనుకోండి. మద్దేడు మీదుగా బీజాపూర్ వైపు పోతే ధనం. తార్లగూడ మీదుగా గోదావరి వైపు పోతే ఋణం. ఒక్కో ఊరికి ఒక గీత పెట్టండి. అటు మూడు ఊళ్లు పోయి, వెనక్కి తిరిగి ఐదు ఊళ్లు వస్తే ఎక్కడుంటారు? 3 − 5 = −2. సున్న దాటి రెండో ఊరు.

ఈ ఆలోచన నాది కాదు. అమెరికాలో బాబ్ మోజెస్ అని ఒక నల్లజాతి ఉద్యమకారుడు ఉండేవాడు. 1960ల మొదట్లో మిసిసిపీ రాష్ట్రంలో నల్లవాళ్లను ఓటర్లుగా నమోదు చేయించినందుకు దెబ్బలు తిన్నాడు, జైలుకెళ్లాడు. తర్వాత టాంజానియాలో లెక్కల మాస్టారుగా పనిచేశాడు. తిరిగి వచ్చాక తన కూతురు చదివే బడిలో ఎనిమిదో తరగతి పిల్లలకు బీజగణితం చెప్పడం లేదని గమనించాడు. 1982లో ఆల్జీబ్రా ప్రాజెక్ట్ మొదలుపెట్టాడు. పిల్లల్ని మెట్రో రైలెక్కించి, స్టేషన్లతో ధన, ఋణ సంఖ్యలు నేర్పాడు. ఆయన వాదన సూటిగా ఉంటుంది: ఒకనాడు ఓటు లేనివాడు పౌరుడు కాలేకపోయాడు, ఈనాడు బీజగణితం రానివాడు ఆర్థిక జీవితంలో పౌరుడు కాలేడు. 2021లో ఆయన చనిపోయే దాకా ఆ పని సాగించాడు. ఓటర్ల జాబితా కోసం పోరాడిన మనిషి లెక్కల తరగతిని కూడా హక్కుల పోరాటంలో భాగంగానే చూశాడు.

ఋణాన్ని ఋణంతో గుణిస్తే ధనం ఎందుకు? చాలామందిని పారిపోయేలా చేసే ప్రశ్న ఇది. అప్పు లెక్కతో చూడండి. నెలకు 500 కట్టాల్సిన వాయిదా అంటే −500. అలాంటివి మూడు మీద పడితే 3 × (−500) = −1,500. అలాంటివి మూడు రద్దయితే? మీద పడ్డవి కాదు, తీసేసినవి, అంటే −3. (−3) × (−500) = +1,500. అప్పు తీసేస్తే మీ చేతిలో 1,500 మిగిలింది. అంతే.

తునికాకు కట్టలో బీజగణితం

ఎండాకాలం రాగానే మీ ఇళ్లన్నీ అడవికి పోతాయి. కట్టకు 50 ఆకులు, వెయ్యి కట్టలకు ఒక మానక బోరా, అంటే 50 వేల ఆకులు. ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం బోరా ధరను 2024లో 4,000 నుంచి 5,500 రూపాయలకు పెంచింది. పెరిగింది 1,500. శాతంలో? 1,500ను పాత ధరతో భాగించాలి, కొత్త ధరతో కాదు. 37.5 శాతం. కట్టకు ఎంత? 5,500 ÷ 1,000 = 5.50 రూపాయలు.

ఒక ఉదాహరణ తీసుకుందాం. ముందుగా తీసుకున్న 275 రూపాయలు పట్టుకుని ఒక చెల్లెలి చేతిలో 1,375 పెట్టారు. ఆమె ఎన్ని కట్టలు ఇచ్చినట్టు? తెలియనిదాన్ని ‘క’ అనుకుందాం. పుస్తకంలో ఎక్స్ అంటారు, భయపడకండి, రెండూ ఒకటే.

5.5 × క − 275 = 1,375

ఎడమ పక్క 275 తీసేశారు. దాన్ని తిరిగి పెట్టాలి. ఒక పక్క పెడితే రెండో పక్కా పెట్టాలి, లేకపోతే తక్కెడ వంగుతుంది.

5.5 × క = 1,650
క = 300

మూడు వందల కట్టలు. కార్డులో 280 అని రాసి ఉంటే ఇప్పుడు అడగొచ్చు. ఈ ‘తీసినదాన్ని తిరిగి పెట్టడం’ అన్న మాటకే అరబ్బీలో అల్‌జబ్ర్ అని పేరు. తొమ్మిదో శతాబ్దంలో బాగ్దాద్‌లో అల్‌ఖ్వారిజ్మీ రాసిన పుస్తకం నుంచి ఆల్జీబ్రా అన్న మాట వచ్చింది. ఆ పుస్తకంలో పెద్ద భాగం వారసత్వపు వాటాల లెక్కలే. మొదటి నుంచీ బీజగణితం వాటాల శాస్త్రం.

ఇప్పుడు కొసరు. నూరు కట్టలకు ఐదు కట్టలు కొసరు వెయ్యమని ఎవరైనా అడిగారనుకోండి. ‘ఐదేగా’ అంటారు. మీరు ఇచ్చింది 105, డబ్బు వచ్చింది నూటికి, అంటే 550. కట్టకు మీకు నిజంగా పడింది 550 ÷ 105. భాగించండి: 5.238095238095... ఆగదు. కానీ గమనించండి, 238095 అన్న గుంపే తిరిగి తిరిగి వస్తోంది. ఆగకపోయినా తిరిగి వచ్చే దశాంశం ఎప్పుడూ ఒక భిన్నమే. ఇక్కడ అది 110/21. ఇదొక పరిమేయ సంఖ్య, తెలుగులో అకరణీయ. సీజన్లో 2,100 కట్టలు వేసిన ఇంటికి 2,000 కట్టల డబ్బే వస్తే పోయింది 550 రూపాయలు. ‘ఐదేగా’ అన్న మాట వెనక ఇంత ఉంది.

పట్టా కాగితం మీద √2

తిరిగి రాని, ఆగని దశాంశాలు కూడా ఉన్నాయి. వాటిని చూడాలంటే పొలానికి వెళ్లాలి.

అటవీ హక్కుల చట్టం, 2006 కింద సాగులో ఉన్న భూమికి గరిష్ఠంగా 4 హెక్టార్ల దాకా హక్కు ఇవ్వొచ్చు. చదరంగా ఉన్న 4 హెక్టార్ల పొలం భుజం 200 మీటర్లు. అన్నదమ్ములు ఇద్దరు సగం సగం పంచుకోవాలి, ఒకరికి చదరపు ముక్కే కావాలి. ‘భుజం సగం చెయ్యండి, 100 మీటర్లు’ అని ఎవరైనా అంటే? 100 × 100 అంటే ఒక్క హెక్టారు. సగం కాదు, పావు. భుజం సగమైతే విస్తీర్ణం పావవుతుంది. కొలతలో జరిగే మోసాల్లో ఇది చాలా పాతది.

మరి 2 హెక్టార్ల చదరం భుజం ఎంత? తనతో తాను గుణించుకుంటే 20,000 రావాలి. 141 సరిపోదు, 142 ఎక్కువ. 141.42 దగ్గర పడుతుంది. అది 100 × √2. ఈ √2ను ఏ రెండు పూర్ణాంకాల నిష్పత్తిగానూ రాయలేం. ఎన్ని దశాంశ స్థానాలు రాసినా ఒకే గుంపు తిరిగి రాదు. ఇదే అపరిమేయ సంఖ్య. అలాగని అది ఊహ కాదు. 100 మీటర్ల చదరపు పొలంలో ఒక మూల నుంచి ఎదుటి మూలకు నడవండి, మీరు నడిచింది సరిగ్గా అంత దూరమే. పరిమేయ సంఖ్యలు, అపరిమేయ సంఖ్యలు అన్నీ కలిపి సంఖ్యారేఖను ఎక్కడా ఖాళీ లేకుండా నింపుతాయి. వాటినే వాస్తవ సంఖ్యలు అంటాం.

తెలంగాణ వైపు గుంటల్లో కొలుస్తారు. ఒక గుంట 11 గజాల చదరం, 121 చదరపు గజాలు. భుజానికి ఇంకో 11 కలిపితే? (11 + 11)² = 484, అంటే నాలుగు గుంటలు. పిల్లలు చేసే తప్పు: 11² + 11² = 242, అంటే రెండే గుంటలు. మిగతా రెండు గుంటలు ఎక్కడ పోయాయి? అవి నడుమ ఉన్న 2 × 11 × 11. (అ + ఆ)² = అ² + 2అఆ + ఆ² అన్న సూత్రంలో మీరు మరిచిపోయే ఆ నడిమి పదం రెండు గుంటల భూమి.

ఒకే విలువకు రెండు రాతలు

1/2, 2/4, 0.5. రాత వేరు, విలువ ఒకటే. సమానత్వానికి గణితంలో ఇదే మొదటి పాఠం. దీన్ని బస్తర్‌లో ఒక సమాజం చాలాకాలం అనుభవించింది. ఎస్సీ జాబితాలో మెహ్రా, మహార్, మెహర్ అన్న పేర్లు ఉన్నాయి. మహారా, మహ్రా అని కాగితాల్లో రాసుకున్నవాళ్లకు మాత్రం ఆ రాత వల్ల హక్కు అందలేదు. 2023లో పార్లమెంటు షెడ్యూల్డు కులాల ఉత్తర్వును సవరించి, ఛత్తీస్‌గఢ్ జాబితాలో ఈ రెండు పేర్లనూ చేర్చింది. మనుషులు వాళ్లే, వివక్ష అదే. తేడా ఉన్నది ఒక అక్షరంలో. 2/4ను 1/2గా గుర్తించడానికి మనం ఐదో తరగతి పిల్లకు ఎంత సమయం ఇస్తాం? ప్రభుత్వం ఎంత సమయం తీసుకుంది?

శాతాల దగ్గరా ఇలాగే కళ్లు తెరుచుకుని ఉండాలి. ఈ రాష్ట్రంలో 2012 నుంచి రిజర్వేషన్లు మారాయి. ఎస్టీలకు 20 నుంచి 32, ఓబీసీలకు 14, ఎస్సీలకు 16 నుంచి 12. మొత్తం 50 నుంచి 58. 2022 సెప్టెంబరులో బిలాస్‌పూర్ హైకోర్టు దాన్ని కొట్టేసింది. 2023 మే 1న సుప్రీంకోర్టు ఆ తీర్పుపై స్టే ఇచ్చి నియామకాలు సాగనిచ్చింది. ఎస్సీ వాటా 16 నుంచి 12కు రావడాన్ని ‘నాలుగు శాతం తగ్గింది’ అంటారు. జాగ్రత్త. తగ్గింది 4 శాతం పాయింట్లు. ఉన్న వాటాలో చూస్తే 4/16, అంటే పావు వంతు, 25 శాతం పోయింది. 2011 జనగణన ప్రకారం రాష్ట్రంలో ఆదివాసులు సుమారు 30.6 శాతం, కాబట్టి వాళ్ల వాటా పెరగడం న్యాయం. ఎస్సీలు సుమారు 12.8 శాతం, వాళ్లకు దక్కింది 12. మనల్ని ఒకరి మీదికి ఒకర్ని ఉసిగొల్పే మాటలు వినిపిస్తాయి. అప్పుడు అరవకండి. కాగితం తీసి రెండు సమాజాలవాళ్లూ కలిసి కూర్చుని ఈ లెక్క చెయ్యండి.

యూనివర్సిటీలో క.సా.గు.

ఇప్పుడు మొదట అన్న సంగతికి వద్దాం. కేంద్ర విశ్వవిద్యాలయాల్లో అధ్యాపక పోస్టులకు ఎస్సీలకు 15 శాతం, ఎస్టీలకు 7.5, ఓబీసీలకు 27. రోస్టర్ అంటే ఎన్నో పోస్టు ఎవరిదో చెప్పే పట్టిక. అందులో 200 పాయింట్లు ఉంటాయి. నూరు ఎందుకు కాదు, 200 ఎందుకు? భిన్నాల్లో రాయండి:

15 శాతం = 3/20
7.5 శాతం = 3/40
27 శాతం = 27/100

20, 40, 100. వీటి క.సా.గు. ఎంత? 200. నూరు పోస్టులైతే ఎస్టీలకు ఏడున్నర మంది రావాలి, సగం మనిషిని నియమించలేరు. 200 అయితే 30, 15, 54. అన్నీ పూర్ణాంకాలే. నా మాస్టారు ‘మీకెందుకు’ అన్న అదే లెక్క ఇది.

2017 ఏప్రిల్‌లో అలహాబాద్ హైకోర్టు, యూనివర్సిటీని కాదు, ఒక్కో శాఖను యూనిట్‌గా తీసుకోవాలంది. 2018 మార్చి 5న యూజీసీ ఆ మేరకు ఉత్తర్వు ఇచ్చింది. వినడానికి చిన్న మార్పే. అసమీకరణం పెట్టి చూద్దాం. ఎస్సీలకు మొదటి పోస్టు రావాలంటే 0.15 × క ≥ 1 కావాలి. క ≥ 6.67, అంటే ఏడో పోస్టు. ఓబీసీలకు 1 ÷ 0.27 = 3.7, నాలుగో పోస్టు. ఎస్టీలకు 1 ÷ 0.075 = 13.33, పద్నాలుగో పోస్టు. పదమూడు పాయింట్ల రోస్టర్ అన్నది ఇదే. ఆ పదమూడింటిలో ఆదివాసీకి ఒక్కటీ లేదు.

200 పోస్టులున్న యూనివర్సిటీ, ఒక్కో శాఖలో 10 చొప్పున 20 శాఖలు అనుకుందాం. మొత్తాన్ని యూనిట్ చేస్తే 54 + 30 + 15 = 99. శాఖే యూనిట్ అయితే ఒక్కో శాఖలో ఓబీసీ 2.7 కాబట్టి 2, ఎస్సీ 1.5 కాబట్టి 1, ఎస్టీ 0.75 కాబట్టి 0. ఇరవై శాఖల్లో 40 + 20 + 0 = 60. ముప్పై తొమ్మిది పోస్టులు మాయం. శాతాలు మారలేదు, రాజ్యాంగం మారలేదు. దశాంశం తర్వాత ఉన్న ముక్కలను ఇరవై చోట్ల విడివిడిగా కత్తిరించి పారేశారు, అంతే. ముక్కలు కలిపి గుండ్రం చెయ్యడం వేరు, ఒక్కోదాన్నీ గుండ్రం చేసి కలపడం వేరు.

‘పాతవాళ్లు రిటైరయ్యాక పద్నాలుగో వంతు వస్తుంది’ అని సమాధానం చెప్పారు. పది పోస్టుల శాఖలో నలుగురు దిగిపోతే గానీ ఆ వంతు రాదు. ముప్పై ఏళ్లకు చేరినవాడు 65 దాకా ఉంటాడు. ఈ గదిలో ఉన్న ఆదివాసీ చెల్లెలు ఎంతకాలం ఆగాలి?

2019 జనవరి 22న సుప్రీంకోర్టు కేంద్రం, యూజీసీల అప్పీళ్లను కొట్టేసింది. విద్యార్థులు, అధ్యాపకులు వీధుల్లోకి వచ్చారు. మార్చి 5న భారత్ బంద్ జరిగింది. మార్చి 7న ఆర్డినెన్స్ వచ్చింది, ఆ ఏడాదే అది చట్టమైంది. మళ్లీ సంస్థే యూనిట్. ఆ పోరాటంలో నినాదాలు ఉన్నాయి, పాటలు ఉన్నాయి. వాటితో పాటు, పదమూడుకూ రెండు వందలకూ తేడా ఏమిటో నల్లబల్ల మీద వేసి చూపించగలిగినవాళ్లు కూడా ఉన్నారు. ఆ చూపించినవాళ్లు లేకుంటే సగంమందికి ఏం పోయిందో కూడా తెలిసేది కాదు.

ఇక మీ పని

చివరగా నాలుగు మాటలు. ఒకటి, ఆరు, ఏడు తరగతుల పుస్తకాలు తెచ్చుకోండి. సిగ్గుపడకండి. క్రమం ఇది: భిన్నాలు, దశాంశాలు, శాతాలు, ఋణ సంఖ్యలు, ఘాతాలు, వర్గమూలాలు, ఆ తర్వాతే సమీకరణాలు. భిన్నం రాకుండా సమీకరణం రాదు. రెండు, నలుగురు కలిసి కూర్చోండి. ఒకరు చేసిన లెక్క ఇంకొకరికి ఇంటి భాషలో పైకి చెప్పాలి. చెప్పలేకపోతే అది ఇంకా రానట్టే. మూడు, ప్రతి జవాబునూ తిరిగి పెట్టి సరిచూడండి. మాస్టారు టిక్కు పెట్టాల్సిన పని లేకుండా, జవాబు సరైనదో కాదో మీకు మీరే తేల్చుకోగలగడం లెక్కల్లో ఉన్న గొప్ప స్వేచ్ఛ. అక్కడ ఎవరి కులమూ, ఎవరి అధికారమూ పనిచెయ్యదు. నాలుగు, నేర్చుకున్నది ఇంట్లో వాడండి. కట్టల కార్డు, రేషను, పనిదినాల మస్టరు, పట్టా కాగితం.

ఉపాధ్యాయ మిత్రులకు ఒకే మాట. తప్పు చేసిన పిల్లను కూర్చోమనకండి. ఆ తప్పు ఎలా వచ్చిందో చెప్పమనండి. 2/5 అన్న పిల్ల ఒక నియమం పాటించింది, అది తప్పు నియమం. నియమం పాటించే బుర్ర ఉన్నట్టేగా.

బాబాసాహెబ్ 1918లో చిన్న కమతాల మీద వ్యాసం రాసినప్పుడు ఆయన వాదన అంతా ఒక నిష్పత్తి మీద నిలబడింది. కమతం చిన్నదా పెద్దదా అన్నది ఎకరాల్లో తేలదు, దానిమీద పెట్టే పెట్టుబడి, శ్రమలతో పోల్చి చూస్తేనే తేలుతుందన్నాడు. 1923లో రూపాయి సమస్య మీద పుస్తకం అచ్చు వేశాడు. డబ్బాలు లాగేసుకున్న ఆ తరగతి గదిలోని పిల్లవాడే దేశపు నాణెం లెక్క తేల్చాడు.

ఇప్పుడు ఈ బల్ల దగ్గరికి ఒకరు రావాలి. 1/2 + 1/3తో మొదలుపెడదాం. ఎవరు వస్తారు? ఆ చివరి వరసలో కూర్చున్న చెల్లెలా, రా అమ్మా. తప్పు పోయినా ఫరవాలేదు, సుద్దముక్క తీసుకో.

జై భీమ్.